ఎవరి పహిల్వాన్?

2016 సెప్టెంబరు 13న మన దేశంలో బక్రీదు. ఆ మర్నాడు, 14వ తేదీన, బ్రెజిల్‌లోని రియో నగరంలో ఇరాన్ దేశస్థుడొకడు బల్ల మీద వెల్లకిలా పడుకుని 310 కిలోల ఇనుమును ఛాతీ దాకా దించి, మళ్ళీ మోచేతులు నిటారయ్యే దాకా పైకెత్తాడు. మూడు క్వింటాళ్ళ పది కిలోలు. గంజ్‌లో హమాలీ చేసే మావాళ్ళ లెక్కలో చెప్పాలంటే ఆరు సిమెంటు బస్తాలు, ఆ పైన ఇంకో పది కిలోలు. ఎత్తిన మనిషి కాళ్ళలో సత్తువ లేదు. అతని పేరు సియామంద్ రహమాన్.

అప్పటికి మా ఇళ్ళలో పండుగ మాంసం వాటాలు వేయడం కూడా పూర్తి కాలేదు. ఆ వార్త మాలో చాలామందికి చేరలేదు. చేరినవాళ్ళం మాత్రం "మనవాడే" అని సంబరపడ్డాం. పేరులో రహమాన్ ఉంది, ఇంకేం కావాలి? ప్రపంచంలో ఎక్కడ ఒక ముస్లిం గెలిచినా ఆ గెలుపులో చిటికెడు మాకూ రాలుతుందని ఎదురుచూసే అలవాటు మాది. ఎక్కడో ఎవడో తప్పుచేస్తే ఆ తప్పులో వాటా అడక్కుండానే మా ఇంటికి చేరుతుంది కదా, మెప్పులో వాటా అడిగితే తప్పేముంది అనుకునేవాళ్ళం.

తర్వాత తీరిగ్గా ఆ మనిషి పుట్టుపూర్వోత్తరాలు చదివాం. చదివినకొద్దీ "మనవాడు" అన్న మాట మా నోట్లోనే తడబడింది. ఆయన్ని మనవాడు అన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. ఇరాన్ అంది. కుర్దులు అన్నారు. వికలాంగులు అన్నారు. ఇంతమంది కలిసి ఎత్తుకున్న ఆ ఒక్క మనిషి ఎవరు? ఎవరి పహిల్వాన్?

ఇరాన్‌కి వాయవ్య మూల పశ్చిమ అజర్‌బైజాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఇరాక్ సరిహద్దుకు దగ్గర్లో, కొండల నడుమ ఓ చిన్న పట్టణం. సర్కారు కాగితాల్లో దాని పేరు ఓష్నవియే. అక్కడి కుర్దుల నోట మాత్రం అది ష్నో. ఊరికి రెండు పేర్లుండటం, ఇంట్లో ఒకటీ కచేరీలో ఒకటీ పలకడం ఏమిటో మాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, రేషను కార్డులో ఇంకెవరో తప్పుగా రాసిన పేరు మోసుకుని పెరిగినవాళ్ళం.

సియామంద్ ఆ ఊళ్ళో 1988 మార్చి 21న పుట్టాడు. అది నౌరోజ్, ఇరాన్ వాళ్ళకూ కుర్దులకూ కొత్త సంవత్సరాది. కానీ ఆ ఏడు కుర్దులకు అదేం పండుగ! సరిగ్గా అయిదు రోజుల ముందు, మార్చి 16న, సరిహద్దుకు అవతల ఇరాక్‌లోని హలబ్జా అనే కుర్దు పట్టణం మీద సద్దాం హుస్సేన్ సైన్యం విషవాయువు బాంబులు వేసింది. దాదాపు అయిదువేల మంది చనిపోయారని అంచనా. వేసింది ముస్లిం పాలకుడు, చచ్చింది ముస్లిం జనం. ఈ సంగతి మా వీధి ఉపన్యాసాల్లో మేం ఎన్నడూ వినలేదు. మాకు జరిగిన అన్యాయాల జాబితా మాకు కంఠతా వచ్చు. మనవాళ్ళు మనవాళ్ళకే చేసిన దానికి ఆ జాబితాలో చోటు లేదు.

అదే ఏడాది ఆగస్టు 20న ఇరాన్, ఇరాక్ యుద్ధం ఆగింది. ఎనిమిదేళ్ళ యుద్ధం కాళ్ళూ చేతులూ చూపూ పోయిన మనుషుల్ని లెక్కలేనంత మందిని మిగిల్చింది. వాళ్ళని ఇరాన్‌లో జాన్‌బాజ్ అంటారు. ప్రాణాన్ని పణంగా పెట్టినవాడు అని అర్థం. ఉర్దూ తెలిసిన మాకు ఆ మాట కొత్త కాదు. పుట్టుకతోనో జబ్బుతోనో వైకల్యం వచ్చినవాడికి మాత్రం ఆ మాట వర్తించదు, అతను మాలూల్. ఒకే రకంగా చచ్చుబడ్డ రెండు కాళ్ళకు రెండు పేర్లు. ఒకదాని వెనక గౌరవం, ఇంకొకదాని వెనక జాలి.

యుద్ధం ఆగిన రెండు నెలలకు, అక్టోబరులో, సియోల్ పారాలింపిక్స్‌కి ఇరాన్ మొదటిసారి జట్టును పంపింది. యుద్ధంలో గాయపడ్డవాళ్ళ కోసం పెరిగిన ఆటల వ్యవస్థే తర్వాత తక్కిన వికలాంగులకూ దారి అయింది. అప్పటికి ఏడు నెలల పసివాడయిన సియామంద్ ఆ దారినే నడిచాడు. యుద్ధం అతనికి ఇచ్చింది ఏదైనా ఉంటే అదీ.

ఇక పేరు. రహమాన్ అరబ్బీ మాట, ప్రపంచంలోని ముస్లింలందరిదీ. సియామంద్ అలా కాదు. అది కుర్దుల జానపద ప్రేమకథలో వీరుడి పేరు. సియామంద్, ఖజే అనే జంట కథ అది. కొండ మీద జింకను వేటాడబోయి లోయలో పడి చనిపోయే బలశాలి అతను. అంటే ఈ మనిషి పేరులోనే రెండు వారసత్వాలున్నాయి. మేం సగం పేరు చూసి మనవాడన్నాం. ముందున్న సగం మాకు అర్థమే కాలేదు.

కుర్దులకు సొంత దేశం లేదు. తుర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా, ఈ నాలుగింట చీలి ఉన్నారు. 1946 జనవరిలో ఇరాన్‌లోని మహాబాద్ కేంద్రంగా ఒక కుర్దు గణతంత్రం ప్రకటించుకున్నారు. ఏడాది తిరక్కుండానే అది కూలింది. దాని అధ్యక్షుడు ఖాజీ ముహమ్మద్‌ను 1947 మార్చి 31న అదే ఊరి నడిబొడ్డున ఉరితీశారు. మా ఇళ్ళలో సలాహుద్దీన్ అయ్యూబీ పేరు తెలియని ముసలమ్మ ఉండదు. పిల్లలకు ఆ పేరు ఎంత మురిపెంగా పెట్టుకుంటామో! ఆయన కుర్దు అని మాలో ఎందరికి తెలుసు? వీరుణ్ణి ఉంచుకుని అతని జాతిని చెరిపేయడం మాకూ చేతనవును.

ఓష్నవియే కుర్దుల్లో ఎక్కువమంది సున్నీలు. ఇరాన్ రాజ్యాంగం పన్నెండో అధికరణం ప్రకారం దేశపు అధికార మతం ఇస్లాం, అందులోనూ పన్నెండు ఇమాముల షియా శాఖ. సున్నీ శాఖలకు గౌరవం ఉంటుందని అదే అధికరణం చెబుతుంది. కానీ 115వ అధికరణం ప్రకారం అధ్యక్షుడయ్యేవాడు అధికార శాఖను నమ్మినవాడై ఉండాలి. పదిహేనో అధికరణం ప్రాంతీయ భాషల సాహిత్యాన్ని బడుల్లో బోధించవచ్చంటుంది. అయినా ఓష్నవియే పిల్లవాడికి చదువు ఫారసీలోనే.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నాం? సియామంద్ నోట లేని మాటలు ఆయన నోట పెట్టడానికి కాదు. ఆయన ఇరాన్ జెండా కింద ఎత్తాడు, ఇరాన్ కోసం గెలిచాడు, ఆ దేశం ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. మేం చెప్పేది మా గురించి. ఇక్కడ మేం మైనారిటీ. కాబట్టి మైనారిటీ అంటే ముస్లిం అని మాకు అలవాటైపోయింది. ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్నచోట కూడా భాష వేరైన, శాఖ వేరైన ముస్లిం మైనారిటీ అవుతాడు. మైనారిటీ అన్నది ఒక మతానికి పేరు కాదు. అధికారానికి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చెప్పే మాట అది. ఈ ముక్క ఒప్పుకోకుండా మేం ఎంత అస్తిత్వం రాసినా అది సగం రాతే.

ఇప్పుడు ఆయన ఆట గురించి.

పారా పవర్‌లిఫ్టింగ్ చూడటానికి తేలికగా అనిపిస్తుంది. మామూలు పవర్‌లిఫ్టింగ్‌లో మూడు రకాల ఎత్తుడుంటే ఇందులో ఒకటే, బెంచ్ ప్రెస్. కాళ్ళు బల్ల మీదే చాపి ఉంటాయి. కదలకుండా పట్టీతో కట్టుకోవచ్చు. కడ్డీని చేతులు చాచి పట్టుకుని, సంకేతం రాగానే ఛాతీ మీదకు దించాలి. అక్కడ అది కదలకుండా ఆగాలి. ఆ ఆగిన స్థితి నుంచి రెండు చేతులూ సమానంగా లేస్తూ మోచేతులు బిగిసేదాకా పైకి నెట్టాలి. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరైనా తెల్ల దీపం వెలిగించాలి. కడ్డీ ఒక పక్క ఒరిగినా, ఛాతీ మీద ఆగకపోయినా ఎర్ర దీపమే. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ప్రపంచ రికార్డు కోసమైతే నాలుగోది ఇస్తారు, దాన్ని పతకం లెక్కలోకి తీసుకోరు. వైకల్యం ఏ రకందైనా పోటీ శరీర బరువును బట్టే.

కాళ్ళున్నవాడు బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు పాదాల్ని నేలకు తన్నిపట్టి ఆ ఊతాన్ని నడుం మీదుగా భుజాలకు పంపుతాడు. పారా లిఫ్టర్‌కి ఆ ఊతం లేదు. ఉన్నదంతా ఛాతీ, భుజాలు, చేతులు. ఈ తేడా గుర్తుంచుకుని ఒక పోలిక చూడండి. 2015 నవంబరులో రష్యాకు చెందిన కిరిల్ సారిచెవ్ అనే వికలాంగుడు కాని లిఫ్టర్, ప్రత్యేకమైన చొక్కా సాయం లేకుండా 335 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఏడాది తిరక్కుండా సియామంద్ 310 ఎత్తాడు. నేల మీద పాదం ఆనని మనిషికీ, ఆనించి నిలబడ్డ ప్రపంచపు అందరికన్నా బలవంతుడికీ మధ్య తేడా 25 కిలోలు. ఒక బియ్యం బస్తా.

ఈ ఆట పారాలింపిక్స్‌లోకి 1964 టోక్యోలో వచ్చింది. అప్పుడు వెన్నుపాము దెబ్బతిన్న మగవాళ్ళకే. 1984లో పవర్‌లిఫ్టింగ్ రూపం తీసుకుంది. ఆడవాళ్ళకు తలుపు తెరిచింది 2000లో సిడ్నీలో. అదే సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ ఏడాదే ఈజిప్టుకు చెందిన ఫాత్మా ఒమర్ పారాలింపిక్స్‌లో తన మొదటి స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత ఏథెన్స్, బీజింగ్, లండన్, వరసగా నాలుగు. మల్లీశ్వరి పేరు మా ఇళ్ళలో అందరికీ తెలుసు, తెలియాలి కూడా. ఫాత్మా పేరు ముస్లింలమైన మాకే తెలియదు.

సియామంద్ 2010లో కౌలాలంపూర్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడు గ్వాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో 100 కిలోల పైబడ్డ విభాగంలో 280 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. రజతం ఎవరిదో తెలుసా? ఇరాక్ లిఫ్టర్‌ది, 242 కిలోలతో. హలబ్జా జరిగిన అయిదు రోజులకు సరిహద్దుకు ఇవతల పుట్టిన కుర్దు పిల్లవాడూ, సద్దాం ఏలిన దేశం నుంచి వచ్చిన ఆటగాడూ ఇరవై నాలుగేళ్ళ తర్వాత పక్కపక్కన పతకాలు వేయించుకున్నారు. ఇద్దరూ వికలాంగులే. ఈ దృశ్యాన్ని రెండు దేశాల చరిత్ర పుస్తకాలూ దాచుకోవాల్సింది.

2014లో దుబాయ్ ప్రపంచ పోటీలు, ఇంచియాన్ ఆసియా క్రీడలు, రెండింటా ఆయనే. ఆపైన రియో. విభాగం ఈసారి 107 కిలోల పైబడ్డది. మొదటి ఎత్తు 270. రజతం తెచ్చుకున్న ఈజిప్టు లిఫ్టర్ ఆ రోజు చేరుకున్నది 235. అంటే మొదటి ఎత్తుతోనే స్వర్ణం సియామంద్‌ది అయిపోయింది. ఇంక ఎవరితో పోటీ? అక్కడితో ఆగినా ఎవరూ ఏమీ అనరు. ఆయన 300 పెట్టమన్నాడు. ఎత్తాడు. 305 పెట్టమన్నాడు. ఎత్తాడు. 310 పెట్టమన్నాడు. మూడు వందల కిలోల గీతను అంతకు ముందు ఏ పారా లిఫ్టరూ దాటలేదు. ఆయన ఒక్క రోజులో దాన్ని దాటి పది కిలోలు అవతలికి జరిపాడు.

2017 సెప్టెంబరులో మెక్సికో నగరంలో జరగాల్సిన ప్రపంచ పోటీలు భూకంపం వల్ల డిసెంబరుకు వాయిదా పడ్డాయి. అక్కడా ఆయనదే గెలుపు. 2018 జకార్తా ఆసియా క్రీడలు, 2019 నూర్‌సుల్తాన్ ప్రపంచ పోటీలు కూడా. మూడో పారాలింపిక్ స్వర్ణానికి టోక్యో ఎదురుచూస్తోంది.

2020 మార్చి 1న సొంత ఊరు ఓష్నవియేలో గుండెపోటుతో చనిపోయాడు. 32 నిండటానికి ఇరవై రోజులు తక్కువ. మూడు క్వింటాళ్ళను ఛాతీ మీద ఆపిన గుండె అది. అప్పటికి ఇరాన్‌లో కరోనా కమ్ముకుంటోంది. ఆ నెల 24న టోక్యో క్రీడలే ఏడాది వాయిదా పడ్డాయి. 2021లో అవి జరిగినప్పుడు ఆయన విభాగంలో స్వర్ణం పలికిన బరువు 241 కిలోలు. జోర్డాన్, ఇరాన్ లిఫ్టర్లిద్దరూ అంతే ఎత్తితే, శరీర బరువు తక్కువున్న జోర్డాన్ అతనికి స్వర్ణం వెళ్ళింది. 2024 పారిస్‌లో ఇరాన్‌కే చెందిన అహ్మద్ అమీన్‌జాదే 263తో స్వర్ణాన్ని తిరిగి తెచ్చాడు. 310 అలాగే ఉండిపోయింది.

ఆ పట్టణం పేరు ప్రపంచ వార్తల్లో మళ్ళీ వినబడింది 2022 సెప్టెంబరులో. మహ్సా అమీనీ అనే కుర్దు యువతి టెహ్రాన్‌లో పోలీసుల అదుపులో చనిపోయాక జనం వీధుల్లోకి వచ్చిన ఊళ్ళలో ఓష్నవియే ఒకటి. ఎత్తిన చేతులు పతకం కోసమైతే ఒక దేశపు చేతులు. అవే చేతులు ఇంకోదాని కోసం లేస్తే కుర్దుల చేతులు, సరిహద్దు చేతులు. ఈ తర్కం మాకు బాగా తెలుసు. మా కుర్రాడు సిక్సరు కొట్టిన రోజు భారతీయుడు, క్యాచ్ వదిలేసిన రోజు ముస్లిం.

ఇంతదాకా వేలు బయటికే చూపించాం. ఇప్పుడు మావైపు తిప్పుకోవాలి.

మన దేశంలోనూ ఈ ఆట ఆడినవాళ్ళున్నారు. పంజాబ్‌కి చెందిన రాజిందర్ సింగ్ రహేలు 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. బెంగళూరు ఫర్మాన్ బాషా అర్జున అవార్డు అందుకున్నాడు. పశ్చిమ బెంగాల్‌కి చెందిన సకీనా ఖాతూన్ 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యం, 2018 జకార్తాలో రజతం గెలిచింది. టోక్యోలో అయిదో స్థానంలో నిలిచింది. ముగ్గురూ పోలియో సోకినవాళ్ళే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో. 2014 మార్చి 27న పోలియో లేదని ధ్రువీకరించారు. అంతకు ముందు ఉత్తరప్రదేశ్‌లోని కొన్ని ముస్లిం మొహల్లాల్లో చుక్కల మందు తాగితే పిల్లలు పుట్టరని పుకార్లు నడిచాయి. ఆ పుకార్లకు కారణం సర్కారు మీద అపనమ్మకమే కావచ్చు. కానీ వాటి ఖర్చు చెల్లించింది పసిపిల్లల కాళ్ళు.

మాలో ఒకరి మామూ ఉన్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. బస్టాండు దగ్గర సైకిళ్ళ పంక్చర్లు వేసి అక్కచెల్లెళ్ళిద్దరి పెళ్ళి చేశాడు. ఆ చేతుల్లో పట్టు మేం చూశాం. లారీ టైరును కూర్చున్నచోటనే రిమ్ము నుంచి ఊడదీసేవాడు. మొహల్లా అంతా ఆయన్ని లంగ్డా భాయ్ అనే పిలిచింది. ఒక జుమ్మా రోజు, ఉతికిన కుర్తా తొడుక్కుని, మసీదు మెట్టు మీద కూర్చుని కాలిపర్లు విప్పుకుంటున్నాడు. నమాజుకు వచ్చిన ఒకాయన దువా చేస్తూ ఒళ్ళో రూపాయి బిళ్ళ వేసి వెళ్ళాడు. మామూ ఆ బిళ్ళను చాలాసేపు చూశాడట. తర్వాత చాలా ఏళ్ళు ఆయన జుమ్మాకి ఆ మసీదుకు వెళ్ళలేదు.

ఇన్నేళ్ళుగా మేం కథలు రాశాం, కవితలు రాశాం. అనుమానం చూపుల గురించి, ఇల్లు అద్దెకివ్వని వాళ్ళ గురించి, మమ్మల్ని మా పేరుతో కాక మా మతంతో పిలిచేవాళ్ళ గురించి రాశాం. మామూని ఆయన పేరుతో కాక కాలితో పిలిచిన మా గురించి ఒక్క పేజీ రాయలేదు. మా అస్తిత్వంలో నడవలేనివాళ్ళు లేరు. ఉన్నా ఖైరాత్ తీసుకునే చేతులుగా ఉన్నారు. సియామంద్ రియోలో గెలిచాడు కాబట్టి మనవాడయ్యాడు. ఓష్నవియేలోనే ఏదో దుకాణంలో పంక్చర్లు వేసుకుంటూ ఉండిపోయి ఉంటే? మామూ మనవాడు కానట్టే అతనూ కాడు.

అందుకే మా ప్రశ్నకు మేం ఇచ్చుకున్న జవాబు ఇది. ఎవడు గెలవకముందు అతన్ని మనిషిగా చూశాడో, వాడికే మనవాడు అనే హక్కు. అది దేశమైనా, జాతి అయినా, మతమైనా సరే.

ఈ వ్యాసం రాయబోయే ముందు మేం మామూ దగ్గర కూర్చుని సియామంద్ సంగతంతా చెప్పాం. పెద్దవాడయ్యాడు, ఇప్పుడు కొట్టు నడపడం లేదు. 310 అనగానే నవ్వి తన అరచేతులు చూసుకున్నాడు. కుర్దులు, ఇరాన్, షియా, సున్నీ అన్నీ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు: "ఆ పోటీ జరిగే హాలుకు మెట్లున్నాయా బేటా, లేకపోతే వాలుగా దారి కట్టారా?"

మా మసీదుకు ఇప్పటికీ మెట్లే. పోయిన నెల మేస్త్రీని తీసుకెళ్ళి కొలిపించాం. వాలు దారి కట్టడానికి ఎంత సిమెంటు పడుతుందని అడిగాం. ఆరు బస్తాలు చాలన్నాడు.